ఏబీఎస్ లైటు, ఎర్ర బ్రేక్ లైటు రెండూ ఆరడం లేదు: కంట్రోలర్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

స్టిల్ట్_పార్కింగ్ (మడిపాక్కం, చెన్నై)

నమస్కారం అండి. కారు 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏబీఎస్ (బ్రేక్ నొక్కినప్పుడు చక్రాలు లాక్ అవకుండా చూసేది) ఉంది, ఈఎస్‌పీ (బండి జారి పక్కకి తిరగకుండా చూసేది) లేదు. పది రోజులుగా పసుపు ఏబీఎస్ లైటు, ఎర్ర బ్రేక్ లైటు రెండూ వెలుగుతూనే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ పై గీత దగ్గరే ఉంది, హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది, ప్యాడ్లు కొత్తవి. పెడల్ గట్టిగానే ఉంది, బండి మామూలుగానే ఆగుతోంది.

స్కాన్ చేయిస్తే ఏబీఎస్‌లో సీ0110, అంటే పంపు మోటార్ సర్క్యూట్. ఇంజన్ కంప్యూటర్‌లో యూ0121, అంటే ఏబీఎస్‌తో సంబంధం తెగింది అని. ఈ రెండోది వస్తూ పోతూ ఉంది. సర్వీస్ సెంటర్‌లో యూనిట్ మొత్తం మార్చాలి, లేబర్‌తో కలిపి 46 వేలు అవుతుంది అన్నారు. బయట మెకానిక్ మాత్రం కంట్రోలర్, అంటే దాని ఎలక్ట్రానిక్ డబ్బా, ఒక్కటి మారిస్తే చాలంటున్నాడు.

కంట్రోలర్ మాత్రమే విడిగా మార్చడం కుదురుతుందా? బ్రేక్ పైపులు విప్పాలా, ఎయిర్ తీయాలా? పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో పాతది కొంటే పనికొస్తుందా, లేక కోడింగ్ (కారు వివరాలు కంట్రోలర్‌లో రాయడం) అంటూ మళ్లీ సర్వీస్ సెంటర్‌కే పోవాలా? నా దగ్గర మల్టీమీటర్, సాకెట్ సెట్, జాకీ, రెండు స్టాండ్లు ఉన్నాయి. పని చేసే చోటు అపార్ట్‌మెంట్ కింది పార్కింగ్.


చిలుము_శత్రువు

ఇంకా ఏమీ కొనకండి. ఈ రెండు కోడ్లు కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది కరెంటు సరఫరాని, ముఖ్యంగా ఎర్త్‌ని, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారిని. పంపు మోటార్ తిరిగేటప్పుడు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఎర్త్ నీరసంగా ఉంటే ఆ క్షణంలో కంట్రోలర్‌కి వోల్టేజ్ పడిపోతుంది. మోటార్ సరిగ్గా తిరగలేదని ఒక కోడు రాసుకుంటుంది, తనే కాసేపు మూగబోయి ఇంజన్ కంప్యూటర్ చేత ఇంకో కోడు రాయిస్తుంది. గోటితో పోయేదానికి 46 వేల గొడ్డలి ఎందుకు?

మీది మడిపాక్కం కాబట్టి ఇంకో మాట. 2023 డిసెంబర్ మిచాంగ్ తుపానులో వేళచ్చేరి, పళ్లికరణై, మడిపాక్కం వైపు నీళ్లలో నిలబడిన బండ్లలో ఎర్త్ బోల్టులు, ప్లగ్ పిన్నులు నెలల తర్వాత మెల్లగా చిలుము పడతాయి. నీళ్లు యూనిట్ దాకా రావాలనేం లేదు. ఎర్త్ బోల్టు తరచుగా కింద, ఛాసిస్ రైలు మీదే ఉంటుంది. అక్కడ తడిస్తే, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు రాగి పోగుల మధ్య నుంచి నీరు పైకి ఎక్కుతుంది. పైన రబ్బరు తొడుగు కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపల వైరు పచ్చగా పొడి అయిపోయి ఉంటుంది.

ముందు ఫ్యూజులు. ఏబీఎస్‌కి సాధారణంగా మూడుంటాయి: మోటార్‌కి ఒక పెద్దది (చాలా కార్లలో 40 ఆంపియర్లు), వాల్వులకి ఒకటి (25 లేదా 30), ఇగ్నిషన్ లైనుకి చిన్నది. కంటితో చూసి బాగుందనుకోకండి, బయటికి తీసి కాళ్లు నల్లబడ్డాయేమో చూడండి.

తర్వాత ప్లగ్. బ్యాటరీ నెగటివ్ తీసి, ఏబీఎస్ ప్లగ్ మీది లివర్ పూర్తిగా ఎత్తి లాగండి. మిగతా పిన్నులకంటే లావుగా నాలుగు కనిపిస్తాయి. రెండు ప్లస్, మోటార్‌కి ఒకటి, వాల్వులకి ఒకటి. రెండు ఎర్త్. ఏది ఏదో మీ కారు వైరింగ్ డయాగ్రామ్ చూసి ఖాయం చేసుకోండి. పచ్చ పొడి ఉంటే సగం జవాబు అక్కడే దొరికినట్టు.

ఇప్పుడు అసలు పరీక్ష. మల్టీమీటర్‌తో కాదు, పాత హెచ్4 హెడ్‌లైట్ బల్బుతో. 55 వాట్ల పోగు దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. వైరులో ముప్పై పోగులకు ఒక్కటే మిగిలినా మల్టీమీటర్ 12.5 అని చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు లాగదు. బల్బు మాత్రం గుడ్డిగా వెలిగి నిజం చెప్పేస్తుంది. బ్యాటరీ మళ్లీ తగిలించి, బల్బు ఒక కాలు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కాలు లావు ప్లస్ పిన్నుకి పెట్టండి. తర్వాత ఒక కాలు బ్యాటరీ ప్లస్‌కి, ఇంకోటి లావు ఎర్త్ పిన్నుకి. నాలుగు చోట్లా ఒకే వెలుగు రావాలి. ఎర్త్ పరీక్షలో బల్బు వెలుగుతుండగానే ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్ స్తంభానికీ మధ్య వోల్టేజ్ చూడండి. 0.2 లోపు ఉంటే మంచిది. అర వోల్టు దాటితే ఆ దారి చెడినట్టే.

ఒక జాగ్రత్త. మల్టీమీటర్ ముల్లుని పిన్ను లోపలికి గుచ్చకండి. ఆడ టెర్మినల్ విచ్చుకుపోతే రేపు కొత్త కంట్రోలర్ పెట్టినా వదులు కాంటాక్ట్‌తో ఇదే కోడు వస్తుంది. ఆ పిన్ను సైజుకి సరిపోయే మగ టెర్మినల్ ముక్క ఒకటి వైరుకి కట్టి వాడండి. జీపీ రోడ్డులో ఆటో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి.

యూ0121 కోసం ఇంకో కొలత. బ్యాటరీ విప్పి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూడండి. 60 ఓముల దగ్గర రావాలి. 120 వస్తే, కంప్యూటర్లు మాట్లాడుకునే ఆ లైను రెండు చివర్లా ఉండే రెసిస్టర్లలో ఒకటి లైనులో లేదు. కొన్ని కార్లలో ఆ చివరి రెసిస్టర్ ఏబీఎస్ కంట్రోలర్‌లోనే ఉంటుంది, కాబట్టి ప్లగ్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి.

చక్రాల దగ్గరి సెన్సర్ల జోలికి ఇప్పుడు పోకండి. వాటికి వేరే కోడ్లుంటాయి. పైగా మీ కారులోవి రెండు వైర్ల యాక్టివ్ సెన్సర్లయితే ఓముల్లో కొలవడం వల్ల తెలిసేది ఏమీ ఉండదు.


ఈసీఆర్_రైడర్

ఎందుకండీ ఇంత తంటా? ఏబీఎస్ ఫ్యూజ్ పీకేయండి, మామూలు బ్రేకుతో నడిపించండి. ఏబీఎస్ లేని కార్లు ఇన్నేళ్లు తిరగలేదా?


పానా_పదకొండు

ఈసీఆర్ గారూ, ఆ పాత కార్లలో వెనక చక్రాలకి వెళ్లే లైనులో ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు ఉండేది. ఏబీఎస్ వచ్చాక చాలా కార్లలో దాన్ని తీసేసి ఆ పని ఈబీడీకి అప్పగించారు. ఈబీడీ అంటే ముందు, వెనక చక్రాలకి బ్రేక్ ప్రెషర్ పంచే ఏర్పాటు, చేసేది ఇదే కంట్రోలర్, ఇవే వాల్వులు. ప్రశ్నలో ఎర్ర లైటు కూడా వెలుగుతోంది అన్నారు చూడండి, దాని అర్థం ఈబీడీ కూడా పోయిందని. బ్రేక్ గట్టిగా నొక్కినప్పుడు బరువు ముందుకి పడి వెనక తేలికవుతుంది, వెనక చక్రాలే ముందుగా లాక్ అవుతాయి, తడి రోడ్డు మీద బండి తోక తిప్పుతుంది. పసుపు లైటు ఒక్కటే అయితే నిదానంగా నడుపుకోండి అనేవాణ్ణి. రెండూ ఉంటే అనను.

ఇప్పుడు కంట్రోలర్ మార్చే సంగతి. ఏబీఎస్ యూనిట్‌లో మూడు ముక్కలుంటాయి. మధ్యలో అల్యూమినియం వాల్వు బ్లాక్, ఒక పక్క గుండ్రటి మోటార్, ఇంకో పక్క నల్ల ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బానే కంట్రోలర్. బ్రేక్ ఆయిల్ ఉండేది బ్లాక్‌లోనే. వాల్వుల మీద మూతేసిన లోహపు బొడిపెలు బ్లాక్ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటికి తొడిగే కాయిల్స్ మాత్రం కంట్రోలర్‌లో ఉంటాయి. అందుకే కంట్రోలర్ ఊడదీసినా చుక్క ఆయిల్ కారదు, పైపు విప్పక్కర్లేదు, ఎయిర్ తీయక్కర్లేదు. నాలుగు చక్రాలకి చక్రానికి రెండు చొప్పున 8 వాల్వులు. ఈఎస్‌పీ ఉంటే 12.

అయితే అన్ని యూనిట్లూ ఇలా విడిపోవు. బ్లాక్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య గీత దగ్గర టార్క్స్ స్క్రూలు (తలలో నక్షత్రం ఆకారపు గాడి ఉండేవి) కనిపిస్తే విడిపోయే రకం. కొన్నింటిలో కంపెనీ కంట్రోలర్‌ని విడి పార్టుగా అమ్మదు, కానీ విప్పడానికి వీలుంటుంది. సర్వీస్ సెంటర్ మొత్తం మార్చాలనడానికి చాలాసార్లు కారణం అదే, వాళ్ల క్యాటలాగ్‌లో విడి నంబరు ఉండదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల వాళ్లు మాత్రం ఇది చదివి చెయ్యి పెట్టకండి. వాటిలో కొన్నింటిలో బండి ఆపినా అధిక ప్రెషర్ నిల్వ ఉండే సరంజామా ఉంటుంది, దాన్ని ముందు స్కానర్‌తో ఖాళీ చేయించాలి.

పని ఇలా. ఇగ్నిషన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ 10 నంబరు పానాతో తీసి, ఐదు నిమిషాలు ఆగండి. అడ్డం వచ్చే ఎయిర్ ఫిల్టర్ పైపు తీసేయండి. ప్లగ్ తీసి నీళ్లు పడకుండా పాలిథిన్ కవర్ చుట్టండి. యూనిట్ బ్రాకెట్‌కి రబ్బరు బుష్‌ల మీద రెండు మూడు నట్లతో ఉంటుంది. అవి వదులు చేస్తే యూనిట్ పైపుల మీదే ఒకటి రెండు సెంటీమీటర్లు కదులుతుంది, కింది స్క్రూకి చోటు దొరుకుతుంది. అంతకంటే లాగకండి. స్టీలు పైపు మెలిక పడితే అది వేరే కథ.

స్క్రూలు ఎక్కువగా టీ20 సైజు టార్క్స్, నాలుగు నుంచి ఆరు. అసలు కష్టమంతా ఇక్కడే. తలల్లో మట్టి, ఉప్పు గట్టిపడి ఉంటాయి. బిట్ సగం లోతే దిగుతుంది, తిప్పితే తల గుల్లవుతుంది. ముందు సూదితో గాడి శుభ్రం చేసి, బిట్ పెట్టి చిన్న సుత్తితో రెండు మూడు సార్లు తట్టండి, అప్పుడు తిప్పండి. కింది స్క్రూలకి పావు అంగుళం రాచెట్, పొట్టి బిట్ కావాలి. పొడుగు స్క్రూడ్రైవర్‌తో ఏటవాలుగా ప్రయత్నిస్తే గుల్లవడం ఖాయం.

స్క్రూలన్నీ వచ్చాక కంట్రోలర్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మిల్లీమీటరు చొప్పున కదుపుతూ నేరుగా వెనక్కి లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. అల్యూమినియం మీద గీత పడితే సీలు కూర్చోదు, ఒక్క వానాకాలంలో కొత్త కంట్రోలర్ కూడా నీళ్లు తాగుతుంది.

ఊడగానే ఒకటి చూడండి, లోపల తడి ఉందా. వేలితో రాస్తే జిగటగా, నూనెలా తగిలితే అది బ్రేక్ ఆయిల్. అంటే బ్లాక్ లోపలి సీలే కారుతోంది. అప్పుడు కంట్రోలర్ మార్చి లాభం లేదు, కొత్తదీ అలాగే చస్తుంది. మొత్తం యూనిట్ మార్చాల్సిందే.

పొడిగా ఉంటే మోటార్ పరీక్ష. మోటార్ నుంచి బ్లాక్ మధ్యలోంచి వచ్చే రెండు పిన్నులకి, మధ్యలో 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న వైరుతో, బ్యాటరీ నుంచి ఒక్క సెకను కరెంటు ఇవ్వండి. గట్టిగా గర్రుమనాలి. ఫ్యూజ్ ఎగిరిపోయినా, మోటార్ మూలిగి ఆగినా, తడితేగానీ కదలకపోయినా దోషం మోటార్‌ది. కంట్రోలర్ లోపల మోటార్‌ని నడిపే స్విచ్ కాలిపోవడానికి కారణం ఆ బిగుసుకుపోయిన మోటారే కావచ్చు. దాన్ని వదిలేసి కొత్త కంట్రోలర్ పెడితే మొదటి సెల్ఫ్ టెస్టులోనే అదీ పోతుంది.

తిరిగి పెట్టేటప్పుడు బ్లాక్ ముఖం పీచు రాలని గుడ్డతో తుడవండి. శాండ్‌పేపర్ వద్దు. కంట్రోలర్ పట్టుకునే ముందు కారు బాడీ లోహం ఒకసారి ముట్టుకోండి, పిన్నులు మాత్రం ముట్టుకోకండి. 8 కాయిల్స్ 8 బొడిపెల మీదికి, మోటార్ పిన్నులు వాటి సాకెట్‌లోకి సూటిగా వెళ్లాలి. చేత్తో నొక్కితే ఒకే తీరున దిగాలి. ఒక మూల లేచి ఉంటే స్క్రూతో లాగి కూర్చోబెట్టొద్దు, కాయిల్ చితుకుతుంది. స్క్రూలు మూల నుంచి మూలకి, రెండు విడతలుగా. సుమారు 3 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న రాచెట్‌ని రెండు వేళ్లతో తిప్పినంత. మీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి.


స్టిల్ట్_పార్కింగ్

చిలుము గారు, పానా గారు, ఇవీ కొలతలు:

ఫ్యూజులు మూడూ బాగున్నాయి. లావు ప్లస్ రెండింటికీ బల్బు తెల్లగా వెలిగింది. ఒక ఎర్త్‌కి బాగా, రెండోదానికి గుడ్డిగా, ఎర్రగా. అక్కడ డ్రాప్ 3.8 వోల్టులు. ఓబీడీలో 61 ఓములు, ప్లగ్ తీసినా పెట్టినా అంతే. ఎర్త్ బోల్టు ఎడమ హెడ్‌లైట్ కింద ఉంది, రింగు టెర్మినల్ పట్టుకుంటే ఊడి చేతికి వచ్చింది.

తాత్కాలికంగా వేరే వైరు వేసి కోడ్లు చెరిపితే యూ0121 మళ్లీ రాలేదు. సీ0110 మాత్రం ఇగ్నిషన్ వేసి బండి కొంచెం కదలగానే వస్తోంది. కంట్రోలర్ విప్పాను. లోపల పొడిగా ఉంది. మోటార్‌కి నేరుగా కరెంటు ఇస్తే గట్టిగా తిరుగుతోంది. అంటే కంట్రోలర్ పోయినట్టేనా? పుదుపేటలో ఒకటి చూశాను, అదే కారు, అదే ఆకారం, కానీ స్టిక్కర్ మీద నంబరులో చివరి రెండు అంకెలు వేరు. తీసుకోవచ్చా?


చిలుము_శత్రువు

అవును, మోటార్ నేరుగా తిరిగి, సరఫరా సరిగ్గా ఉండి కూడా ఆ కోడు వస్తుంటే మిగిలింది కంట్రోలర్‌లోని మోటార్ స్విచ్, లేదా మోటార్ పిన్ను సాకెట్. కొనే ముందు ఆ సాకెట్ లోపల టార్చి వేసి చూడండి. కాలి నల్లబడి వదులైతే రిపేరుకి ఆశ ఉంది, బోర్డు చచ్చినట్టు కాదు.

ముందు ఎర్త్ శాశ్వతంగా బాగుచేయండి. రాగి మళ్లీ ఎర్రగా మెరిసే దాకా వైరు వెనక్కి కోయండి. చెన్నైలో ఒక్కోసారి అది అడుగు పైనే ఉంటుంది. తర్వాత అదే మందం లేదా అంతకంటే లావు వైరు జతచేసి, రింగు టెర్మినల్ క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. బాడీ మీద పెయింట్ గీకి, బిగించి, బిగించిన తర్వాత పైన గ్రీజు పూయండి. గ్రీజు పూసి బిగించడం తలకిందుల పని.


రిచీ_స్ట్రీట్_టంకం

రిపేరు గురించి నాలుగు మాటలు. కంట్రోలర్ మూత జిగురుతో అతికించి ఉంటుంది, సన్న రంపపు బ్లేడుతో అంచు వెంట కోస్తే వస్తుంది. రెండు మిల్లీమీటర్లకి మించి లోతు పోతే లోపలి బోర్డు తెగుతుంది. తెరిచాక లోపల మామూలు పచ్చ బోర్డు, లావు పిన్నుల దగ్గర టంకం చుట్టూ వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తే మీ అదృష్టం. పాత టంకం పీల్చేసి కొత్తది వేస్తే పోతుంది. అలా కాకుండా తెల్ల సిరామిక్ పలక, దాని మీద వెంట్రుకల్లాంటి అల్యూమినియం తీగలు, పైన పారదర్శకమైన జెల్ ఉంటే మూసేయండి. ఆ తీగలకి టంకం అంటదు, దానికి వైర్ బాండింగ్ మిషన్ కావాలి. సోల్డరింగ్ ఐరన్‌తో ప్రయత్నించామని చెప్పే వాళ్లకి ఇవ్వొద్దు.

మూత తిరిగి అతికించడానికి న్యూట్రల్ రకం సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు బాత్రూమ్ సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, మూసిన డబ్బాలో రాగిని తినేస్తుంది. 24 గంటలు ఆరనిచ్చి బిగించండి.


పానా_పదకొండు

పుదుపేట సరుకు గురించి. చివరి రెండు అంకెలు వేరంటే వదిలేయండి. ఆకారం ఒకటే అయినా లోపలి సాఫ్ట్‌వేర్ వేరు. ఇంజన్ బరువు, టైరు చుట్టుకొలత, వెనక డ్రమ్మా డిస్కా, సెన్సర్ రింగు పళ్ల లెక్క, ఇవన్నీ దానిలో ఉంటాయి. తప్పు సాఫ్ట్‌వేర్‌తో లైటు ఆరిపోవచ్చు కూడా, అదే ఇంకా ప్రమాదం. వెనక చక్రాలకి ఎంత ప్రెషర్ పంపాలో అది వేరే బండి లెక్కన నిర్ణయిస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఆ తర్వాతి బండ్ల యూనిట్లు సులువుగా దొరుకుతాయి. 2014 వాటిలో చాలా మోడళ్లకి పై వేరియంట్లలోనే ఉండేది, కొంచెం తిరగాలి. స్టిక్కర్ ఫొటో పట్టుకెళ్లండి. కారు కంపెనీ నంబరు, తయారీదారు నంబరు రెండూ, చివరి అక్షరం దాకా కలవాలి.

దొరికాక షాపులోనే టీ20 బిట్‌తో కంట్రోలర్ విప్పి చూపించమనండి. విప్పనివ్వకపోతే పక్క షాపు. ప్లగ్ పిన్నుల్లో పచ్చదనం, బ్లాక్ ముఖం మీద తెల్ల బూజులాంటి అల్యూమినియం తుప్పు, లోపల సన్నటి మట్టి గీత ఉంటే అది వరద బండిది. పైపు రంధ్రాలు తెరిచి పెట్టిన యూనిట్ అయితే బ్లాక్ జోలికి పోకండి, లోపలికి తేమ, దుమ్ము వెళ్లి ఉంటాయి. కంట్రోలర్ మాత్రం తీసుకోవచ్చు. పని చేయకపోతే వాపసు అని బిల్లు మీద రాయించుకోండి.

కోడింగ్ సంగతి కారుని బట్టి. కొన్నింటిలో ఒకే నంబరు అయితే పెట్టగానే పని చేస్తుంది. కొన్నింటిలో వేరియంట్ కోడింగ్ రాయాలి, అది లేకపోతే లైటు మిణుకుతుంది లేదా అసలు ఆరదు. పాత కంట్రోలర్ ఇంకా మాట్లాడుతోంది కాబట్టి, తీసేయక ముందే దాని కోడింగ్ చదివి ఫొటో తీసుకోండి. పూర్తిగా చచ్చాక ఆ అవకాశం ఉండదు. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ ఈఎల్ఎం327 స్కానర్ ముక్క మామూలు యాప్‌తో ఇంజన్ కోడ్లే చదువుతుంది, ఏబీఎస్‌లోకి పోదు. ఫోక్స్‌వాగన్, స్కోడా అయితే వీసీడీఎస్ అనే సాఫ్ట్‌వేర్, ఫోర్డ్ అయితే ఫోర్‌స్కాన్. మిగతావాటికి ఏబీఎస్‌లో కోడింగ్ రాసే స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌ని బండి దగ్గరికే పిలిపించుకోండి. ఈఎస్‌పీ ఉన్నవాళ్లకి దీనికి తోడు స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా చేయడం ఉంటుంది, చక్రాలు నేరుగా పెట్టి, చదునైన నేల మీద.


అడయార్_టర్బో

ఎవరైనా మొత్తం యూనిట్ మార్చాల్సి వస్తే ఏం చేయాలో కూడా రాస్తారా? నా కేసులో బ్లాక్ దగ్గరే ఆయిల్ తడి ఉంది.


పానా_పదకొండు

బ్లాక్‌కి ఆరు పైపులు: మాస్టర్ సిలిండర్ నుంచి రెండు, చక్రాలకి నాలుగు. విప్పక ముందే ఫొటో తీసి, ప్రతి పైపుకీ కాగితం టేపుతో పేరు రాయండి. ఇది మొక్కుబడి మాట కాదు. కుడి ముందు, ఎడమ ముందు పైపులు తారుమారైతే మామూలు బ్రేకింగ్‌లో ఏ తేడా తెలియదు. పెడల్ గట్టిగా ఉంటుంది, లైటు వెలగదు, కోడు రాదు. వానలో కుడి చక్రం లాక్ అయినప్పుడు కంట్రోలర్ వదిలిపెట్టేది ఎడమ చక్రాన్ని. లాక్ అయిన చక్రం అలాగే జారుతుంది, బాగున్న చక్రానికి బ్రేక్ పోతుంది.

నట్లకి మామూలు ఓపెన్ పానా వద్దు, మూలలు అరిగిపోతాయి. ఫ్లేర్ నట్ పానా, 10 లేదా 11 నంబరు, కొని పెట్టుకోండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. నట్టుతో పాటు పైపు కూడా తిరుగుతుంటే ఆగి వెనక్కి తిప్పి మళ్లీ ఆయిల్ వేయండి. విప్పే ముందు పెడల్‌ని రెండు మూడు అంగుళాలు కిందికి నొక్కి సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర ఆనించండి. మాస్టర్ సిలిండర్‌లో డబ్బా నుంచి ఆయిల్ వచ్చే రంధ్రం మూసుకుంటుంది, డబ్బా ఖాళీ అవకుండా చుక్కలతో సరిపోతుంది. ఊడిన ప్రతి పైపుకీ రబ్బరు టోపీ పెట్టండి. పెయింట్ మీద బ్రేక్ ఆయిల్ పడితే తుడవకండి, మగ్గుతో నీళ్లు పోయండి. అది నీళ్లలో కలిసిపోతుంది, తుడిస్తే పెయింట్‌ని తీసుకుని వస్తుంది.

బిగించేటప్పుడు యూనిట్‌ని బ్రాకెట్‌లో వదులుగా ఉంచి, ఆరు నట్లూ వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. అల్యూమినియంలో ఉక్కు నట్టు అడ్డంగా ఎక్కితే మర పోతుంది, బ్లాక్ చెత్తబుట్టకే. తర్వాత బ్రాకెట్ బిగించి, నట్లు సుమారు 15 న్యూటన్ మీటర్లకి.

ఎయిర్ తీయడానికి సీలు విప్పని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ ఒక లీటరు. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉన్నా డాట్ 4 కలుస్తుంది. డాట్ 5 సిలికాన్ మాత్రం వద్దే వద్దు. మన కుడి స్టీరింగ్ బండ్లలో సాధారణంగా దూరమైన వెనక ఎడమతో మొదలు, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మాన్యువల్ వేరే వరస చెబితే అదే. పెడల్‌ని నేల దాకా తొక్కించొద్దు, కింద ఒక చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ వెళ్లని భాగం గరుకుగా ఉంటుంది, సీలు కోసుకుపోతుంది.

కొత్త యూనిట్ ఆయిల్ నింపి వస్తే ఇంతటితో అయిపోవచ్చు. ఖాళీగా వచ్చినా, పాతదైనా, వాల్వుల వెనక గదుల్లో గాలి ఉండిపోతుంది. అది పెడల్ తొక్కితే రాదు. స్కానర్‌లో ఏబీఎస్ బ్లీడింగ్ అని ఉంటుంది, అది మోటార్‌ని, వాల్వుల్ని ఆడిస్తుంటే చక్రం దగ్గర ఎయిర్ తీసే నిప్పిల్‌లో బుడగలు వస్తాయి. తర్వాత మళ్లీ నాలుగు చక్రాలూ మామూలుగా తీయాలి. ఖాళీ రోడ్డులో సడన్ బ్రేక్ కొట్టి ఏబీఎస్ ఆడించి మళ్లీ ఎయిర్ తీస్తే చాలనేవాళ్లున్నారు. పెడల్ మెత్తగా ఉన్న బండిని అలా రోడ్డెక్కించడం నేను ఒప్పుకోను.

చివరగా పైపుల తారుమారు పరీక్ష. ఒక్కో చక్రం జాకీ మీద ఎత్తి, ఒకరు బ్రేక్ నొక్కి పట్టాలి, స్కానర్ నుంచి ఆ చక్రానికి ప్రెషర్ వదిలే ఆజ్ఞ ఇవ్వాలి, ఇంకొకరు చక్రం చేత్తో తిప్పాలి. ఆ చక్రమే తిరగాలి. నాలుగింటికీ చేయండి.


స్టిల్ట్_పార్కింగ్

సాకెట్ చూశాను, నల్లబడలేదు. మొత్తం నంబరు కలిసిన కంట్రోలర్ రేపు వస్తుంది. పాతదాని కోడింగ్ ఫొటో తీసి పెట్టుకున్నాను. బిగించాక మొదట ఏం చూడాలి?


చిలుము_శత్రువు

ఇగ్నిషన్ వేయగానే ఏబీఎస్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అదీ తప్పే. లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగం పెట్టుకుని అపార్ట్‌మెంట్ లోపలే మెల్లగా నడపండి, నాలుగూ కలిసి కదలాలి. బయల్దేరిన కొద్ది క్షణాల్లో, కొన్ని కార్లలో 20 కిలోమీటర్ల వేగం లోపే, బోనెట్ కింద చిన్న గుర్రు వినిపిస్తుంది. అది మోటార్ సెల్ఫ్ టెస్ట్, సీ0110 ఇంతకాలం పడుతున్నది అక్కడే. అది దాటి లైటు రాకపోతే ఖాళీ రోడ్డులో 30 వేగంలో గట్టిగా ఒకసారి బ్రేక్ నొక్కి చూడండి, పెడల్ కింద గడగడ కొట్టుకోవాలి.

తర్వాత కోడ్లు మళ్లీ చదివించండి. లైటు వెలగకుండానే లోపల రాసుకున్నది ఏదైనా ఉంటే కనబడుతుంది. ఎర్త్ బోల్టు దగ్గర బల్బు పరీక్ష నెల తర్వాత ఇంకోసారి చేయండి, అది కూడా వాన పడిన మర్నాడు.